నేల కింద గట్లుండవు

రాయచూరు,
జూన్ మొదటి వారం

వదినా,

నీ ఎండిన బోరు చుట్టూ ఇంకుడు గుంత కట్టుకోవడానికి జిల్లా భూగర్భజల సమితి అనుమతి ఇచ్చింది. ఆ సమితిలో నేనూ ఉన్నాను కాబట్టి ఇది నా చలవేనని మన వాడలో అనుకుంటారు. కాదు. నీ దరఖాస్తు బల్ల మీదికి రాగానే ఈమె మా అన్న భార్య అని చెప్పి లేచి బయటికి వచ్చేశాను. తన మనుషుల సంగతి తను తేల్చకూడదని లా కాలేజీలో ఏళ్ల తరబడి పిల్లలకు చెబుతున్నాను. చెప్పడం సులువు. ఆ వరండాలో కూర్చున్నంతసేపూ నా చెవి తలుపు వైపే ఉంది.

షరతులు జాగ్రత్తగా చదువు. పక్కన పారే వాగు నీళ్లు మాత్రమే గుంతలోకి రావాలి. మందులు కొట్టిన పత్తి చేను నీళ్లు అటు రాకుండా కట్ట వేయాలి. వచ్చిన నీళ్లు ఇసుక, కంకర, రాళ్లు దాటి పైపు పక్కల రంధ్రాల్లోంచే దిగాలి. పైపు నోటి మీద మూత ఎప్పుడూ బిగించి ఉండాలి. వానాకాలంలో మీ వాడ మంచినీళ్ల బోరు నీళ్లు పరీక్షకు తీసుకుంటారు. చెడిపోయాయని తేలితే గుంత పూడ్చి బోరు నోట్లో సిమెంటు పోస్తారు.

ఫోన్ చేద్దామంటే నీకు వినపడదు, చెవి మెషిన్ పెట్టుకోవు. మెసేజ్ పెడితే నీకు ఫోన్ చూడడం రాదు, ఇంకొకరు తెరిచి చదివి పెట్టాలి. మన మాట ఇంకొకరి నోట్లోంచి రావడం నీకు నచ్చదు. అందుకే కాగితం మీద రాసి ఇడపనూరు బస్సు కండక్టరు చేతికిస్తున్నాను.

అన్న పోయిన ఈ నాలుగేళ్లలో నువ్వు నన్ను ఏదీ అడగలేదు. మొదటిసారి అడిగింది ఆయన వేయించిన బోరు గురించి. ఎందుకో ఆ సంగతి రాయకుండా ఉండలేకపోయాను.

అంబుజ

ఇడపనూరు,
జూన్ ఆఖర్న

అంబుజా,

నీ జాబు కండక్టరు జేబులో చెమటకు తడిసి నా చేతికి వచ్చింది. గద్వాల బడిలో మా నాయన నన్ను పదో తరగతి దాకా చదివించాడు కాబట్టి సరిపోయింది, లేకపోతే నీ రాత ఎవరు చదవాలి? వకీళ్లకు కూడా డాక్టర్ల జబ్బు పట్టిందా?

గుంత తయారైంది. ఎదురింటి యంకవ్వ, ఆమె మొగుడు చెన్నప్ప, వాడలోని ఆడవాళ్లు అందరూ తట్టలు మోశారు. మనం ఊరికే పిలిస్తే ఎవరూ రారు. ఆ బోరులో నీళ్లు దిగితే దిగువన ఉన్న మంచినీళ్ల బోరుకు ప్రాణం వస్తుందని చెప్పాను, అందుకే వచ్చారు. ఎండాకాలమంతా అది గాలి దగ్గుతూ ఉంది. పంపు వేసిన చాలాసేపటికి ఒక బిందె.

నువ్వు పంపిన షరతులు చెన్నప్పకు చదివి చెప్పాను. ఆయన తట్ట కింద పెట్టి, "నీళ్లు గుంజెతందుకొక చిట్టీ, ఇడిసేతందుకొక చిట్టీ. నడుమల మనమెందుకు, సర్కారోళ్లే జేసుకోమను," అన్నాడు. యంకవ్వ నా చెవిలో నోరు పెట్టి అరిచింది: "మొగులుకెల్లి పడే నీళ్లకు గూడ పర్మిషనా మంజమ్మా? మీ ఆడబిడ్డనడుగు, ఉచ్చ పోసెతందుకు గూడ ఏమన్న కాగితముందేమో."

అడుగుతున్నాను. పొలం నాది. బోరు నాది, మీ అన్న వేయించింది. వాన దేవుడిది. మధ్యలో మీరెవరు? కోపంతో కాదు, నిజంగానే తెలియక అడుగుతున్నాను.

మంజమ్మ

రాయచూరు,
జూలై

వదినా,

నీ ప్రశ్నకు క్లాసులో అయితే ఠకీమని జవాబు చెప్పేస్తాను. నీకు చెప్పాలంటే రెండు కాగితాలు చించాను.

నేల పైన నీ పొలానికి గట్టుంది, చెన్నప్ప పొలానికి గట్టుంది. నేల కింద గట్లుండవు. నీ బోరులో దింపింది యంకవ్వ బిందెలో తేలుతుంది. వాన నీళ్లు దింపితే వాన నీళ్లే తేలతాయి. ఇంకేదైనా దింపితే అదీ తేలుతుంది. పైన చెరువు పాడైతే కంటికి కనిపిస్తుంది, కింద పాడైతే తాగినవాళ్లకు జబ్బు చేశాక గానీ తెలియదు. మధ్యలో మేమెవరమంటే, ఆ తాగేవాళ్ల తరఫు వాళ్లం. కనీసం అలా ఉండాలని.

ఒక ఊరికి మేం పోయి చూశాం. పేరు వద్దు. ఇంకుడు గుంత పేరు చెప్పి ఒక మిల్లు యజమాని తన మురుగంతా పాత బోరులోకి వదిలాడు. ఆ ఊరి ఆడవాళ్లు మా ముందు ఒక్కొక్కరే బిందె వంచి చూపించారు. ఆ నీళ్ల రంగు నాకింకా కళ్లల్లో ఉంది. తిరిగి వచ్చాక సిమెంటు షరతు రాశాం. రాశాం అనడం దేనికి, రాసింది నేనే. మరో మాటకు చోటు లేకుండా రాయాలని పట్టుబట్టిందీ నేనే. చెడితే మూయాలి, అంతే.

అప్పుడు సరిగ్గానే అనిపించింది. ఇప్పుడు నీ గుంతకు అదే కాగితం వర్తిస్తుందంటే తీసి మళ్లీ మళ్లీ చదువుతున్నాను. అలా చదవడం న్యాయమేనా అని కూడా ఆలోచిస్తున్నాను. తెలియని ఊరికైతే చదవలేదు కదా.

మెషిన్ పెట్టుకో వదినా. రోజుకు కాసేపైనా.

అంబుజ

ఇడపనూరు,
ఆగస్టు మధ్యలో

అంబుజా,

వాన పడింది. మామూలు వాన కాదు, మూడు రోజులు ఎడతెగకుండా. వాగు నిండా పారింది. గుంతలోకి నీళ్లు సుడి తిరుగుతూ దిగుతుంటే మేమంతా గొడుగుల కింద నిలబడి చూశాం. నాకు చప్పుడు వినపడదు కదా, పైపు మీద అరచేయి పెట్టాను. లోపల ఏదో నడిచి పోతున్నట్టు తెలిసింది. మీ అన్న ఆ బోరు వేయించినప్పుడు వచ్చింది దుమ్ము. తర్వాత కాసిని నీళ్లు, అవీ నెల తిరక్కుండా ఎండిపోయాయి. ఆ రోజు ఆయన మొహం, ఈ రోజు ఆ పైపు, రెండూ ఒకేసారి నా ముందు నిలబడ్డాయి.

వారం గడిచాక మంచినీళ్ల బోరు దగ్గకుండా నీళ్లు పోసింది. ఒకదాని వెనక ఒకటి బిందెలు. యంకవ్వ మనవరాలు నేహ పైపు కింద తల పెట్టి తడిసి, వాళ్లమ్మ చేత వీపు మీద ఒకటి తిన్నది.

మేం ఆడవాళ్లం గంగమ్మకు చేయాల్సింది చేశాం. అదంతా నీకెందుకులే. పెట్టె అడుగున పెట్టిన పచ్చంచు చీర తీసి కట్టుకున్నానని మాత్రం రాస్తున్నాను. కట్టుకున్నాను, ఎవరూ ఏమీ అనలేదు.

నువ్వు ఒకసారి వచ్చి ఈ నీళ్లు తాగి పో.

మంజమ్మ

రాయచూరు,
ఆగస్టు ఆఖర్న

వదినా,

పరీక్ష ఫలితం వచ్చింది. మీ మంచినీళ్ల బోరులో కుళ్లిన పదార్థం తాలూకు క్రిములున్నాయి. ఇసుక దాటి వాన నీళ్లు దిగితే ఇంత ఉండదు. పైపులోంచి నేరుగా ఏదో దిగిందని సమితిలో భూగర్భ శాస్త్రం చదివిన నిఖిలేశ్ అంటున్నాడు. నెమ్మదైనవాడు, తొందరపడి మాట అనడు.

ముందు ఆ నీళ్లు తాగడం ఆపండి. కాచి కూడా వద్దు. వాగు నుంచి గుంతకు వచ్చే దారి మూసేయి.

తర్వాత నాకు చెప్పు, ఆ పైపు మూత ఎవరైనా తీశారా? ఎవరైనా ఏమైనా వేశారా? ఆడబిడ్డగా అడుగుతున్నానో సమితి మనిషిగా అడుగుతున్నానో విడదీసి చెప్పలేను. ఒకే నోటితో అడుగుతున్నాను.

అంబుజ

ఇడపనూరు,
సెప్టెంబరు

అంబుజా,

నీళ్లు ఆపించాను. దారి మూశాను. నేహకు వాంతులు, విరేచనాలు. రాయచూరులో ఆసుపత్రిలో ఉంచారు. యంకవ్వ అక్కడే ఉంది.

మూత సంగతి నాకు తెలియదు.

మంజమ్మ

రాయచూరు,
సెప్టెంబరు

వదినా,

నేహను చూసి వచ్చాను. సెలైన్ తీసేశారు. బిస్కెట్ తింటూ నాతో వాదులాడింది, నా బ్యాగులో చాక్లెట్ ఎందుకు లేదని. ఎల్లుండి పంపిస్తామన్నారు. యంకవ్వ నా మొహం చూడకుండా మాట్లాడింది. ఆమె అలా ఉండడం నేనెప్పుడూ చూడలేదు.

నీ జాబు నాలుగు ముక్కలే ఉంది. నువ్వు పెళ్లయి మా ఇంటికి వచ్చినప్పుడు నాకు పదేళ్లు. అప్పటి నుంచి నువ్వు నాతో ఎప్పుడు ముక్తసరిగా మాట్లాడినా, లోపల ఏదో పెద్దది పెట్టుకునే మాట్లాడావు. అన్న జబ్బు సంగతి కూడా నాకు అలాగే చెప్పావు.

నీ మీద ఒత్తిడి పెట్టను. కానీ ఆ పైపులో ఏం పడిందో తెలియకపోతే దాన్ని ఎలా తీయాలో కూడా ఎవరికీ తెలియదు. ఏం చెప్పినా నీ మీద నాకు కోపం రాదు. ఇది మాత్రం ఆలోచించకుండా రాయగలిగిన మాట.

అంబుజ

ఇడపనూరు,
సెప్టెంబరు

అంబుజా,

రాస్తున్నాను.

మంచినీళ్ల బోరు పోసిన శుక్రవారం వాడ ఆడవాళ్లంతా ఎండిన బోరుకు ఒడి బియ్యం పోయాలన్నారు. ఇంటి ఆడబిడ్డకు పోసినట్టే. కడుపు పండింది కదా, పోయాలి అన్నారు. పసుపు కలిపిన బియ్యం, ఎండుకొబ్బరి కుడుకలు, ఖర్జూరాలు, పోకలు, రవికె గుడ్డలు అన్నీ తెచ్చారు. నేను ఇంట్లోనే ఉన్నాను. మొగుడు పోయినదాన్ని, ఒడి బియ్యం దగ్గర నాకేం పని? ఈ నాలుగేళ్లలో ఏ ఇంట్లోనూ నన్ను ఆ పూట పిలవలేదు. పిలవకపోవడం వాళ్ల తప్పని కూడా నేను అనుకోలేదు.

యంకవ్వ మా ఇంట్లోకి వచ్చి నా చేయి పట్టుకుంది. "పొలం నీది, బోరు నీది. నువ్వు రాకుంట మేమెట్ల పోస్తమే?" అంది. పెట్టె తానే తెరిచి పచ్చంచు చీర తీసింది. నాకు పసుపు పెట్టింది. అంబుజా, ఆ పసుపు తడి నా మొహానికి తగిలినప్పుడు నేను ఇంకేదీ ఆలోచించలేదు.

గుంత గట్టు మీద పోస్తే కుక్కలు తింటాయి. ఒడి బియ్యం ఒడిలో పడాలి, కింద పడకూడదు. ఎవరో పైపు మూత తిప్పి తీశారు. ముందు నువ్వే పోయి అన్నారు. మొదటి దోసిలి నేను పోశాను. తర్వాత అందరూ. రవికె గుడ్డలు కూడా మడిచి వదిలారు. మూత తీయకూడదన్న షరతు నాకు గుర్తుంది. నేను చదివి చెప్పిన షరతే. ఆ క్షణంలో గుర్తు చేయలేదు, ఎందుకంటే గుర్తు చేస్తే ఆ పూట ఆగిపోయేది.

ఇక అసలు సంగతి. నేహ పడిపోయినప్పటి నుంచి నేను దగ్గరికి పోతే మాటలు ఆగుతున్నాయి. కొందరు ఆగను కూడా ఆగట్లేదు, నాకు వినపడదు కదా అని నా ముందే అంటున్నారు. నేను పెదాలు చదవడం నేర్చుకున్నానని వాళ్లకు తెలియదు. "బొట్టు లేని చెయ్యి మొదలు పడ్డది. నీళ్లు ఇరగకుంట ఉంటయా?" అని ఒకామె అంటే, పక్కామె తల ఊపింది.

నీకు తెలియదని రాశాను, అది అబద్ధం. సిమెంటు పోస్తారన్న భయంతో కాదు. నా చేతి వల్లేనేమో అని.

మంజమ్మ

రాయచూరు,
సెప్టెంబరు

వదినా,

బియ్యం ఎవరి చేతిలోంచి పడినా తడిస్తే కుళ్లుతుంది. ముత్తైదువ పోసిన బియ్యం, నువ్వు పోసిన బియ్యం నేల కింద వేరువేరుగా ఉండవు. కుడుక కుళ్లింది, బియ్యం పులిసింది, గుడ్డలు నానాయి. దానికి నాలుగేళ్ల కిందటి అన్న చావుతో ఏ సంబంధమూ లేదు. నేను చాలా విషయాల్లో తటపటాయించే మనిషినని నీకు తెలుసు. ఇందులో తటపటాయింపు లేదు.

నీ జాబు చించేస్తే ఎవరికీ తెలియదు అని అనిపించింది. కానీ తెలియకపోతే ఏమవుతుందో చూడు. నీళ్లు చెడ్డాయని మాత్రం కాగితం మీద ఉంటుంది, ఎందుకు చెడ్డాయన్నది ఉండదు. ఆ ఖాళీలో మన వాడ నీ చేతిని పెట్టుకుంటుంది, ఎప్పటికీ.

అందుకని నువ్వే చెప్పాలి. నేను కాదు. నీ విషయంలో నేను మళ్లీ బయటే కూర్చోవాలి. నిఖిలేశ్ వచ్చే వారం మీ దగ్గరికి వస్తాడు. అందరి ముందు చెప్పు, అందరి ముందే పైపు తెరవమను. సిమెంటు పోయకుండా నేను ఆపగలనని మాట ఇవ్వలేను. ఇవ్వలేని మాట నీకు ఇవ్వడం నాకు చేతకాదు.

నీ పచ్చంచు చీర మాత్రం పెట్టె అడుక్కి పోనీయకు.

అంబుజ

ఇడపనూరు,
సెప్టెంబరు ఆఖర్న

అంబుజా,

నిఖిలేశ్ వచ్చాడు. ఇద్దరు మనుషులు, ఒక గాలం తాడు. వాడంతా వచ్చింది. ఆసుపత్రి నుంచి వచ్చిన నేహను చంకనేసుకుని యంకవ్వ కూడా.

నేను ముందుకు పోయి, మూత తీసి బియ్యం పోశాం, మొదట పోసింది నేను అని చెప్పాను. నా గొంతు ఎంత గట్టిగా వచ్చిందో నాకు తెలియదు. అందరూ ఉలిక్కిపడ్డారు కాబట్టి గట్టిగానే వచ్చి ఉంటుంది.

గాలం దింపారు. ముందు కుడుకలు వచ్చాయి, నల్లగా. తర్వాత బియ్యం, గంజి ముద్దలాగా. ఆ వాసనకు ఆడవాళ్లు కొంగులు ముక్కుకు పెట్టుకున్నారు. నిఖిలేశ్ మాత్రం ముక్కు మూసుకోకుండా ఒక్కొక్కటీ తీసి గట్టు మీద పరిచాడు, ఎవరూ అవమానపడకూడదన్నట్టు. చివరికి ఎర్రటి రవికె గుడ్డ, జరీ పోగులు ఊడిపోయి వచ్చింది.

యంకవ్వ పిల్లను దింపి ఆ గుడ్డ చేత్తో పట్టుకుంది. వాడ వైపు కాదు, నా వైపు తిరిగింది. నెమ్మదిగా, పెదాలు బాగా కదిలిస్తూ చెప్పింది.

"గిది నా గుడ్డ. నా మనుమరాలు నా గుడ్డ కుళ్లిన నీళ్లు తాగి పడ్డది. గల్తీ మనందర్ది. మంజమ్మ చెయ్యి మీద ఎవరన్న మాట పెడితే ముందుగాల నాతోని మాట్లాడుండ్రి."

నేను పెదాలు చదువుతానని ఆమెకు ముందే తెలుసన్నమాట. వాళ్లు అన్న మాటలు నేను చదివానని కూడా తెలుసన్నమాట. ఇంటికి వచ్చి తలుపేసుకుని ఏడ్చాను.

నిఖిలేశ్ మూతకు సీలు వేశాడు. కాగితం ప్రకారం సిమెంటు పోయాలని, సమితి కూర్చున్నాక చెబుతామని అన్నాడు. ఆ మాట అంటున్నప్పుడు నేల చూశాడు.

నేను నిన్ను ఏమీ అడగను.

మంజమ్మ

రాయచూరు,
అక్టోబరు

వదినా,

సమితి కూర్చుంది. నీ గుంత సంగతి వచ్చినప్పుడు లేచి బయటికి వచ్చేశాను. కానీ అంతకు ముందు షరతు సంగతి వేరుగా వచ్చింది. అది ఒక ఇంటిది కాదు, జిల్లా అంతటిది. అందులో మాట్లాడవచ్చా అని అధ్యక్షుడిని అడిగాను. నా వదిన సంగతి అందరికీ తెలుసని గుర్తు చేసి మరీ అడిగాను. మాట్లాడమన్నారు.

చెడగానే మూయడం కాదు, ముందు కడగాలి అన్నాను. కంప్రెసర్‌తో లోపలి నీళ్లు బయటికి తోడి, మందు వేసి, రెండుసార్లు పరీక్ష చేయాలి. కావాలని మురుగు వదిలినవాళ్లకు, కడిగినా బాగుపడని చోట్లకు మాత్రమే సిమెంటు ఉండాలి. వాదిరాజ్ అని ఒక పెద్దాయన ఉన్నాడు, నీటిపారుదలలో పనిచేసి రిటైర్ అయ్యాడు. ఆయన ఎదురు తిరిగాడు. "మేడమ్, ఈ సందు చూసి రేపు మిల్లువాళ్లు వస్తరు. మాకు తెల్వక పడ్డది, కడుగుతం అంటరు. అప్పుడు ఏం చెప్తరు?" అన్నాడు. వస్తే పూర్తిగా ఆపలేమని ఒప్పుకున్నాను. ఆయన అనుకున్నట్టే జరగొచ్చు. అయినా షరతు మారింది. ఆయన చేయి ఎత్తలేదు.

నీ గుంతకూ కొత్త షరతే వర్తింపజేశారట, వరండాలోకి వచ్చి నిఖిలేశ్ చెప్పాడు. సిమెంటు లేదు. కంప్రెసర్ బండి వస్తుంది.

సంతోషించాలని ఉంది. వాదిరాజ్ గారి ప్రశ్న ఇంకా వదలడం లేదు. ఈ రెండూ కలిపి పంపుతున్నాను.

అంబుజ

ఇడపనూరు,
నవంబరు

అంబుజా,

బండి వచ్చింది. పైపు దింపి గాలి కొడితే మురికి తాటి చెట్టంత ఎత్తు లేచింది. తర్వాత పసుపు నీళ్లు, తర్వాత తెల్లవి. మంచినీళ్ల బోరుకు కూడా పంపు వేసి వదిలేశారు. ఎండాకాలమంతా దేని కోసం కాచుకున్నామో అదంతా మా కళ్ల ముందే వాగులోకి పారిపోయింది. చెన్నప్ప చూడలేక ఇంటికి పోయాడు. మేం ఆడవాళ్లం నిలబడ్డాం. పోసింది మేమే కదా.

మొదటి పరీక్ష బాగా వచ్చింది. రెండోది కూడా బాగుందని నిన్న నిఖిలేశ్ వచ్చి చెప్పాడు. నాకు వినపడదని తెలిసి కాగితం మీద పెద్ద అక్షరాలతో తెలుగులో రాశాడు, తప్పులతో. మొదటి గ్లాసు యంకవ్వ తాగింది. సాయంత్రం దాకా ఆగి, తనకేమీ కాలేదని చూసి, తర్వాత నేహకు ఇచ్చింది.

నీళ్లు తక్కువే. మళ్లీ నిండాలంటే వచ్చే వానలు రావాలి.

వచ్చే ఏడు గంగమ్మకు ఒడి బియ్యం ఎట్లా పోయాలని ఆడవాళ్లు అడుగుతున్నారు. మానుకోలేరు, పైపులో పోయలేరు. మీ చట్టంలో దీనికి ఏమైనా ఉందా అని నన్ను అడగమన్నారు. ఎవరు పోయాలన్న మాట మాత్రం వాళ్లు ఎత్తలేదు. నేనూ ఎత్తలేదు.

మంజమ్మ

రాయచూరు,
డిసెంబరు

వదినా,

నీ జాబును సమితి ముందు పెట్టాను, పేరు లేకుండా. ఒకరిద్దరు నవ్వారు. వాదిరాజ్ గారు నవ్వలేదు. ఇది రాసి పెట్టకపోతే ప్రతి ఊళ్లోనూ మూతలు తీస్తారని ఆయనే అన్నాడు. అనుమతి కాగితంలో షరతుల చివర ఒక మాట చేర్చాం. కన్నడంలో ఉన్నదాన్ని నీకోసం తెలుగులో రాస్తున్నాను, ఆడవాళ్లకు చదివి చెప్పు.

"పైపులో ఏ వస్తువూ వేయరాదు. గుంతకు పూజ చేయదలచినవారు ఎవరైనా గట్టు మీద పళ్లెం పెట్టి చేసుకోవచ్చు. ఆ బియ్యం వండుకుని తినవచ్చు."

టైపు చేస్తున్న సహన చురుకైన పిల్ల, నా దగ్గరే చదివింది. "మేడమ్, ‘ఎవరైనా’ తీసేసినా అర్థం అదే కదా, తీసేయనా?" అని అడిగింది. అనవసరమైన మాట ఒక్కటి కూడా చట్టంలో ఉండకూడదని ఆ పిల్లకు నేర్పింది నేనే.

ఉండనీయమ్మా అన్నాను. అది ఉండాలి.

అంబుజ